కోఫా సిగ్నల్ పీక్: ఎక్కగలిగిన మనిషి దిగలేకపోయిన కేసు

ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. ఎడారి కొండల్లో ఇబ్బంది పడొచ్చి నాతో మాట్లాడే మనవాళ్లలో ఎక్కువమంది "స్టామినా చాల్లేదు" అనే అంటారు. ఆ మాటను అలాగే తీసుకుని ఒళ్లు గట్టిపరచుకోవడం మొదలుపెడితే, తర్వాతిసారి ఇంకాస్త దూరం వెళ్లి ఇంకాస్త పెద్ద ఇబ్బందిలో పడతారు. నేను అరిజోనాలో, ఫీనిక్స్ చుట్టుపక్కల తెలుగువాళ్ల హైకింగ్ బృందాలకు స్వచ్ఛందంగా దారి చూపిస్తుంటాను, వైల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్ శిక్షణ ఉంది. ఇందులోని మనిషి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు, ఉద్యోగం, ఏ ఏడాది అన్నవి తీసేశాను, గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

నేపథ్యం

మనిషికి నలభై దాటాయి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే పనే అయినా వారంలో రెండుమూడుసార్లు ఊళ్లోని క్యామెల్‌బ్యాక్ కొండ ఎక్కుతాడు, అదీ మంచి వేగంతో. బీపీ లేదు, షుగర్ లేదు, మోకాళ్లు బాగున్నాయి. ఊళ్లో కొండలు విసుగొచ్చి "అసలైన ఎడారి కొండ" ఒకటి ఎక్కాలనుకున్నాడు. ఎంచుకున్నది అరిజోనా నైరుతి మూలనున్న కోఫా పర్వతాల్లోని సిగ్నల్ పీక్. ఎత్తు 4,877 అడుగులు, యూమా కౌంటీ మొత్తంలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం.

కాగితం మీద చూస్తే ఇది పెద్ద కొండలా కనిపించదు, అదే దీనితో చిక్కు. కారు ఆపే చోటి నుంచి ఎక్కాల్సింది దాదాపు 2,000 అడుగులు, ఒకవైపు దూరం రెండు మైళ్ల లోపే. క్యామెల్‌బ్యాక్‌లో ఎకో కాన్యన్ బాటలో ఎక్కేది సుమారు 1,280 అడుగులు, కాబట్టి "దానికి ఒకటిన్నర రెట్లు, అంతేగా" అని అందరూ లెక్కేసుకుంటారు. ఇతనూ అదే లెక్క వేశాడు. ఆ లెక్కలో రానివి చాలా ఉన్నాయి. ఇక్కడ ఎవరూ వేసి, బాగుచేసే బాట లేదు. ముందు ఎక్కినవాళ్ల అడుగుల జాడ, అక్కడక్కడ ఎవరో పేర్చిన చిన్న రాళ్ల గుట్టలు, అంతే. రాయి పాత అగ్నిపర్వతాల రాయి, చూడ్డానికి గట్టిగా ఉంటుంది గానీ అడుగేస్తే పెంకులు పెంకులుగా జారుతుంది. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. నీళ్లు అసలే లేవు అనుకుని వెళ్లాలి.

ఇక రోడ్డు. క్వార్ట్‌జ్‌సైట్ అనే ఊరి నుంచి యూఎస్ 95 హైవే మీద దక్షిణంగా దాదాపు 18 మైళ్లు వస్తే పామ్ కాన్యన్ రోడ్డు తగులుతుంది. అది మట్టిరోడ్డే అయినా మామూలు కార్లు కూడా నెమ్మదిగా వెళ్తాయి, ఆ లోయలో సహజంగా పెరిగే తాటిజాతి చెట్లను చూడ్డానికి కుటుంబాలు వస్తుంటాయి. సిగ్నల్ పీక్‌కు ఆ రోడ్డులో కొంత దూరం వెళ్లి, కోఫా క్వీన్ కాన్యన్ వైపు తిరగాలి. తిరిగాక రోడ్డు స్వభావమే మారిపోతుంది. కొన్నిచోట్ల ఎండువాగులోనే బండి నడపాలి, ఇసుక, గులకరాళ్లు, అడుగున తగిలే బండలు. వాన పడితే ఆ వాగు రోడ్డు కాదు, వాగే. ఎత్తుగా ఉండి నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి. దారి పక్కకు 100 అడుగులు దాటి బండి దింపకూడదన్నది అక్కడి నియమం. ఈ కొండల ప్రాంతం 1939లో ఎడారి కొండగొర్రెల కోసం ఏర్పాటు చేసిన వన్యప్రాణి ఆశ్రయం. రెండో ప్రపంచయుద్ధం కాలంలో ఇక్కడ సైనిక శిక్షణ జరిగింది, పేలకుండా మిగిలిపోయిన మందుగుండు ఇప్పటికీ కనబడవచ్చు కాబట్టి నేలమీద ఇనుప వస్తువు ఏది కనిపించినా ముట్టుకోకూడదని హెచ్చరిస్తారు. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకు ఈ ముక్క నేను ప్రత్యేకంగా చెబుతాను.

నా దగ్గరికి వచ్చినప్పటి సమస్య

డిసెంబర్‌లో ఒక శనివారం అతను ఇద్దరు మిత్రులతో, అద్దెకు తీసుకున్న ఎస్‌యూవీలో వెళ్లాడు. ఉదయం ఆరు దాటాక ఇంటి దగ్గర బయల్దేరారు, క్వార్ట్‌జ్‌సైట్‌లో టిఫిన్ చేశారు. ఫోన్‌లో మ్యాపు తారు రోడ్డు నుంచి నలభై నిమిషాలని చెప్పింది. పట్టింది రెండు గంటలు, ఎందుకంటే బండికి గీత పడితే అద్దె కంపెనీతో గొడవని ప్రతి బండరాయి దగ్గరా దిగి చూసుకుంటూ నడిపారు. నడక మొదలుపెట్టేసరికి పదకొండున్నర. రెండున్నర గంటల్లో శిఖరం కింది కనుమ దాకా వెళ్లారు. అక్కణ్నుంచి మరో ముప్పావుగంట పైకి ప్రయత్నించి, మిత్రుల్లో ఒకరు భయపడటంతో వెనక్కి తిరిగారు.

కష్టమంతా ఆ తర్వాతే. డిసెంబర్‌లో అక్కడ ఐదున్నరకల్లా సూర్యుడు అస్తమిస్తాడు, లోయలో నీడ అంతకంటే చాలా ముందే కమ్ముకుంటుంది. దిగుతూ దిగుతూ ఒక వాగుపాయ పట్టుకున్నారు, కింద కారున్న వైపే పోతోంది కదా అని. అది రెండు నిలువుల ఎత్తున్న ఎండు జలపాతం అంచున ఆగిపోయింది. ఒక మిత్రుడు చేతులతో వేలాడి దూకేద్దామన్నాడట. ఇతను ససేమిరా అన్నాడు. ఈ కేసు మొత్తంలో ముగ్గురి ప్రాణాలు కాపాడిన నిర్ణయం అదేనని నా అభిప్రాయం. చీకట్లో ఫోన్ లైట్ల వెలుగులో మళ్లీ పైకెక్కి, అసలు పాయ వెతుక్కుని, చోయా అనే కాక్టస్ ముళ్లు గుచ్చుకుంటూ కారు దగ్గరికి చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. సిగ్నల్ దొరికేసరికి ఒంటిగంట. ఇంటి దగ్గర భార్య ఏడింటి నుంచి ఫోన్ చేస్తూనే ఉంది. 911కి ఫోన్ చేసింది కూడా, కానీ ఏ కొండ అని అడిగితే ఆమెకు పేరు తెలియదు. "యూమా వైపు ఎక్కడో" అని మాత్రం చెప్పగలిగింది.

తర్వాతి వారం నన్ను కలిసి అతను అడిగింది ఇది: "అన్నా, శిఖరం అరగంట దూరంలో ఉండగా వెనక్కొచ్చాం. ఇంకొంచెం స్టామినా ఉండుంటే పైకి తాకి వెలుతురులోనే దిగేవాళ్లం. రెండు నెలలకు ఒక ట్రైనింగ్ ప్లాన్ ఇవ్వవా?"

"ప్లాన్ ఇస్తాను గానీ, ముందు నీ వాచీలో రికార్డైందంతా చూపించు" అన్నాను.

ఎవరు ఏం చెప్పినా ముందు వాచీ చూడటం నా అలవాటు, అలసిపోయిన మనిషికి ఆ రోజు జరిగినది వేరేలా గుర్తుంటుంది. కనుమ దాకా ఎక్కిన వేగం బాటలేని కొండకు చక్కటి వేగం. కండరాలు పట్టేయలేదు, తల తిరగలేదు, వాంతి లేదు, నీళ్లు తాగాడు, మూత్రం మామూలుగానే ఉంది. ఒంట్లో నీరు తగ్గిన లక్షణం గానీ, ఉప్పు లేకుండా నీళ్లే ఎక్కువ తాగి రక్తంలో సోడియం పడిపోయిన లక్షణం గానీ లేదు. (ఈ రెండోదాన్ని మనవాళ్లు అసలు లెక్కలోకే తీసుకోరు, ఎడారి అనగానే నీళ్లు తాగడమొక్కటే చెబుతారు.) మరి కాలం ఎక్కడ పోయింది? ఉదయం రోడ్డు మీద. సాయంత్రం దిగేటప్పుడు, ఎక్కినదానికి రెండున్నర రెట్లు. ఒంట్లో బలం ఖర్చయిన చోట కాలం ఖర్చు కాలేదు, కాలం ఖర్చయిన రెండు చోట్లా బలంతో పని లేదు.

ముందు ఏం ప్రయత్నించాం, ఎందుకు

నా నిర్ధారణ అతనికి చెప్పాను. నమ్మలేదు. నమ్మించడానికి వాదన పెట్టుకోవచ్చు, కానీ నా అనుభవంలో ఇలాంటి మనిషి వాదనలో ఓడిపోతే మర్యాదగా తలూపి, వేరేవాళ్లతో మళ్లీ అదే కొండకు వెళ్తాడు. కాబట్టి అతని ఆలోచననే నా కళ్లముందు పరీక్షించి చూడ్డం మంచిదనిపించింది. ట్రైనింగ్ వల్ల నష్టం లేదు, చలికాలం ఇంకా మిగిలి ఉంది. ఎండాకాలమైతే ఒప్పుకునేవాణ్ని కాదు. ఫీనిక్స్ నగరమే 2021 నుంచి తీవ్రమైన ఎండల రోజుల్లో క్యామెల్‌బ్యాక్ బాటల్ని పగటిపూట మూసేస్తోంది, అదీ కిందనే అంబులెన్స్ వచ్చే కొండ.

అతని మార్పులు మూడు. బరువు బ్యాగుతో క్యామెల్‌బ్యాక్ ఎక్కడం. ఎవరో నడిచిన దారిని మ్యాపు మీద గీతగా చూపే జీపీఎస్ ట్రాక్ ఫోన్‌లోకి దింపుకోవడం. నీళ్లు ఒక్కొక్కరికి ఏడు లీటర్లు. నావి రెండు షరతులు: రెండు బళ్లు ఉండాలి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. ప్రమాదం ఉన్న చోట తప్ప దారి గురించి నేను నోరు విప్పనని కూడా ముందే చెప్పాను. నేను చెబుతూ పోతే అతను నా వెనక నడుస్తాడు, అతని కళ్లు ఎక్కడ చూస్తున్నాయో నాకు తెలియదు.

ఏది పని చెయ్యలేదు

తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాం, అంటే ఎవరికీ సరైన నిద్ర లేదు. కోఫా క్వీన్ రోడ్డులో అతని మిత్రుడి బండి టైరు సైడ్‌వాల్ కోసుకుపోయింది. టైరు నేలకు తగిలే భాగంలో పంక్చరైతే ప్లగ్ పెట్టి గాలి కొట్టొచ్చు, పక్కభాగం తెగితే అక్కడ చేసేదేం లేదు. స్టెప్నీ చూస్తే సన్నటి చిన్న చక్రం, ఆ రాళ్లలో దాంతో నడపకూడదు. ఇక్కడ ఆగిపోవాలా, నడవాలా అన్నది మొదటి నిర్ణయం. రెండో బండి బాగుంది, అందులో అందరం పడతాం, కాబట్టి బయటపడే దారి మూసుకుపోలేదు. పాడైన బండిని నియమం ప్రకారం దారి పక్కకు తోసి, నడవడానికే నిర్ణయించాం. ఒకే బండి అయ్యుంటే ఆ రోజు కొండ ఊసు ఎత్తకుండా, మిగిలిన గంటలన్నీ బయటపడటానికే వాడేవాళ్లం.

నడక మొదలయ్యాక ఏడు లీటర్ల సంగతి తేలింది. లీటరు నీళ్లు కిలో బరువు. తిండి, బట్టలు కలిపి వీపు మీద పదికిలోలు దాటిపోయింది. క్యామెల్‌బ్యాక్ బండల మీద ఆ బరువు మోయడం వేరు, జారే రాళ్ల మీద వేరు, అక్కడ బరువు మనిషిని వెనక్కి లాగుతుంది. అడుగడుగునా నిలదొక్కుకోవడానికే శక్తి పోయింది. ట్రాక్ సంగతి ఇంకా ముఖ్యం. ఇరుకు లోయలో రాతిగోడలకు తగిలి సిగ్నల్ తిరిగొస్తుంటే ఫోన్‌లో చుక్క పక్కపక్కకు గెంతుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు పాయల మధ్య దూరం ఆ గెంతు కంటే తక్కువ ఉన్న చోట్లున్నాయి. చుక్కను గీత మీదకు తేవాలని అతను పక్కకు జరిగి జరిగి క్యాట్‌క్లా పొదలో పడ్డాడు. ఆ ముళ్లు మన రేగుముళ్లలాగే వెనక్కి వంకర తిరిగి ఉంటాయి, లాగితే ఇంకా పట్టుకుంటాయి, ఆగి వెనక్కి అడుగేస్తేనే వదులుతాయి.

ఇంకోచోట నున్నగా, సాఫీగా ఒక బాట కనబడింది, అందరికీ ప్రాణం లేచొచ్చింది. అది కొండగొర్రెల బాట. ఈ చోటు ఉన్నదే వాటికోసం, బాటలు వేసేదీ అవే. మనిషి అడుగు పట్టని అంచు మీదకు తీసుకెళ్లి వదిలేస్తాయి. అక్కడ నోరు విప్పాను.

ఒంటిగంటకు ఇంకా కనుమ కిందే ఉన్నాం. తిరిగాం. అతను ఒక్కమాట కూడా వాదించలేదు, టైము ముందే ఒప్పుకున్నది కాబట్టి. దిగేటప్పుడు అతన్నే ముందుండమన్నాను. రెండుసార్లు ఎడమ పాయలోకి జారుకున్నాడు, రెండుసార్లూ అదే చోట. డిసెంబర్‌లో ఎండు జలపాతం మీదికి తీసుకెళ్లింది కూడా ఆ ఎడమ పాయే.

అప్పటికి నాకు కావలసింది దొరికింది. ఎక్కుతున్నంతసేపూ అతను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఊళ్లోని బాట మీద అలా చూడాల్సిన అవసరం ఎప్పుడూ రాదు, అక్కడ దారి కాళ్లకిందే ఉంటుంది. ఇక్కడ ఎక్కేటప్పుడు ఏ పాయ పట్టుకున్నా పైకే పోతుంది, తప్పినా కాస్త అటో ఇటో శిఖరం వైపే. దిగేటప్పుడు దారి ఒక పాయలోంచి పక్క పాయలోకి మారే చోట్లు వస్తాయి, అలాంటి ప్రతి చీలిక దగ్గరా ఒకటి ఎంచుకోవాలి, తప్పు పాయ తప్పని కిందికి చాలా దూరం వచ్చాక గానీ తెలియదు. ఎవరి స్టామినా ఎంత పెరిగినా ఈ చీలిక దగ్గర పనికిరాదు.

"చూశావా, రెండుసార్లూ ఇక్కడే" అంటే అతను రాయి మీద కూర్చుని చాలాసేపు పైకే చూశాడు. "అన్నా, ఇది నేను పొద్దున చూసిన కొండలా లేదే" అన్నాడు.

ఏది పని చేసింది

ఆ మాట దగ్గర్నుంచే మళ్లీ మొదలుపెట్టాం. ప్లాన్ మొత్తాన్ని తారు రోడ్డు నుంచి వెనక్కి కట్టాం: చీకటి పడకముందు కారు కోఫా క్వీన్ రోడ్డులో కదలాలి. దానికి ఎడమ పాయ చీలికను మధ్యాహ్నం మూడుకల్లా దాటాలి. దానికి శిఖరం దగ్గర్నుంచో, ఎక్కడున్నామో అక్కడి నుంచో పన్నెండున్నరకు తిరగాలి. ఆ టైముకు శిఖరం అందాలంటే తెల్లవారగానే కాలు కదలాలి. అలా చేస్తే ముందు రాత్రి లోయలోనే పడుకోక తప్పదు. ఇంతకుముందు వాళ్లు పొద్దున ఇంటి నుంచి ముందుకు లెక్కేసుకుంటూ వచ్చారు, ఆలస్యమంతా చివర్న, చీకట్లో, అందరికంటే అలసిన వేళ వచ్చి పడింది.

ముందురోజు మధ్యాహ్నం వెలుతురులోనే బళ్లు నడిపాం. రెండు బళ్లకూ పూర్తి సైజు స్టెప్నీ, గాలి కొట్టే చిన్న కంప్రెసర్, పార, జాకీ కింద పెట్టడానికి చెక్కముక్క. తారు రోడ్డు దిగగానే టైర్లలో గాలి ఇరవై పీఎస్‌ఐ వరకు తగ్గించాం. గాలి తగ్గిన టైరు రాయి మీద పరుచుకుంటుంది, ఇసుకలో దిగబడదు, కుదుపూ తగ్గుతుంది. పక్కభాగం ఉబ్బుతుంది కాబట్టి వాడి రాళ్ల దగ్గర ఒకరు దిగి నడుస్తూ దారి చూపాలి, అలాగే చేశాం. నీటి గుంటలకు పావు మైలు లోపల గుడారం వేయకూడదు, జంతువులు నీళ్లకు రావడం మానేస్తాయి, అది చూసుకుని దిగాం.

నీళ్ల విషయంలో ఏడు లీటర్ల మొత్తం తగ్గించలేదు, మోసే చోటు మార్చాం. రెండు లీటర్లు కారులో. రాత్రీ పొద్దున్నా కలిపి లీటరు పైన తాగేసి బయల్దేరడం. ఎక్కే దారిలో ఒకచోట ఒక్కొక్కరూ ఒకటిన్నర లీటరు దించి, తిరుగు ప్రయాణానికి ఉంచడం. ఎక్కడ దించాలన్నది తేలిగ్గా తీసుకునే నిర్ణయం కాదు. దారి తప్పినవాడికి దాచిన నీళ్లు దొరకవు. అందుకే రెండు బండల మధ్య, ఎటు దిగినా దాటక తప్పని ఒక ఇరుకు సందులోనే దించాం. సందు లేని కొండ అయితే దించవద్దు, మోయండి. తిండిగా పులిహోర, ఉప్పు వేరుశనగలు తీసుకెళ్లాం. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉన్నాయి గానీ ఉప్పున్న తిండి తింటూ ఉంటే వాటి అవసరం పెద్దగా పడలేదు.

అసలు మార్పు కళ్లది. దీన్ని ముందు సూపర్‌స్టిషన్ పర్వతాల్లో, ఇంటికి దగ్గర్లో, బాట వదిలిన చిన్న చిన్న పాయల్లో సాధన చేయించాను. పద్ధతి ఇది: దారి మలుపు తిరిగినా, రెండు పాయలు కలిసినా ఆగి, పూర్తిగా వెనక్కి తిరిగి, దిగేటప్పుడు ఏం కనిపిస్తుందో అది చూడాలి. ఫోటో ఆ వైపే తియ్యాలి, శిఖరం వైపు కాదు. ఆ చోటుకు గట్టిగా, అందరికీ వినబడేలా ఒక పేరు పెట్టాలి. "ఏనుగు కుంభం." "జంట సాగువారోలు, కుడి." "విరిగిన దూలం." (సాగువారో అంటే స్తంభంలా నిలువుగా పెరిగే పెద్ద కాక్టస్.) పేరు పెట్టాలంటే ఆ చోటును నిజంగా చూడాలి, దీనివల్ల వచ్చే లాభంలో సగం అదే. మిగతా సగం ఏమిటంటే, సాయంత్రం ఒకరు మర్చిపోయిన పేరు ఇంకొకరికి గుర్తుంటుంది. జీపీఎస్ ట్రాక్ తీసెయ్యలేదు, జేబులో ఉంచాం, ఏ పాయలో ఉన్నామని కాకుండా ఏ కొండవైపు ఉన్నామని అడగడానికి మాత్రమే.

ఇంకో నియమం: దిగేటప్పుడు పది నిమిషాల్లో పేరు పెట్టిన చోటు ఒకటి రాకపోతే, చివరిగా గుర్తుపట్టిన చోటికి తిరిగి ఎక్కాలి. కిందికి వెళ్లి చూద్దామనడం లేదు.

భార్యకు ఒక కాగితం ఇచ్చాం, అతని చేతే రాయించాను. కొండ పేరు, రోడ్డు పేరు, రెండు బళ్ల నంబర్లు, ఎవరెవరం, ఏ రంగు చొక్కాలు, ఫోన్ సిగ్నల్ లేనిచోటి నుంచీ మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ నుంచి ఎన్నింటికి కబురొస్తుంది, రాకపోతే ఎన్నింటి దాకా ఆగాలి, ఆ తర్వాత ఎవరికి ఫోన్ చెయ్యాలి. అరిజోనాలో తప్పిపోయినవాళ్లను వెతికే బాధ్యత చట్టప్రకారం ఆ కౌంటీ (జిల్లాలాంటిది) పోలీసు అధికారి అయిన షెరిఫ్‌ది. కోఫా ఆశ్రయం యూమా, లా పాజ్ కౌంటీల్లోకి విస్తరించి ఉంది, శిఖరం యూమాలో ఉందని, ముందు అక్కడికే ఫోన్ చెయ్యాలని కాగితంలో ఉంది. ఆమె ఒకటే అడిగింది: "మెసేజ్ రాకపోతే మిషన్ పాడైందో, మనిషికి ఏమైందో నాకెలా తెలుస్తుందన్నయ్యా?" తెలియదు. అందుకే ఆ గడువు మేం తిరిగి రావాల్సిన టైముకు మూడు గంటలు దాటించి పెట్టాం, అది దాటితే మాత్రం సందేహించకుండా ఫోన్ చెయ్యమన్నాం. ఒట్టి ధైర్యవచనాలు సరిపోవు, ఏమీ తెలియకపోతే ఆమెకు ఎంత టెన్షనో ఆ డిసెంబర్ రాత్రే తెలిసిపోయింది.

ఆ రోజు

ఫిబ్రవరిలో, వాన సూచన లేని వారాంతం చూసుకుని వెళ్లాం. తెల్లవారగానే బయల్దేరాం. సందు దగ్గర నీళ్లు దించగానే అందరి నడకా మారిపోయింది, ముఖ్యంగా అతనిది, పాదం వేసే చోటు చూసుకునే తీరిక దొరికింది. కనుమకు కాస్త కింద ఒక మిత్రుడి మోచేతికి చోయా ముక్క అంటుకుంది. చేత్తో తీయబోయాడు, ఆపాను. చేత్తో ముడితే ముల్లు వేళ్లకు మారుతుంది, అంతే. పళ్లు దూరంగా ఉన్న దువ్వెనను చర్మానికీ ముక్కకూ మధ్య దూర్చి, ఎదురుగా ఎవరూ లేకుండా చూసి, ఒక్కసారి విసురుగా ఎగరేయాలి. మిగిలిన ముళ్లను ఒక్కొక్కటిగా పటకారుతో పట్టి, గుచ్చుకున్న కోణంలోనే వెనక్కి లాగాలి. చివరికొసన కంటికి కనబడని కొక్కేలుంటాయి, ముల్లుతోపాటు చర్మం చిన్న గుడారంలా లేస్తుంది, తర్వాత వదులుతుంది. పావుగంట పట్టింది. ఆ పావుగంట తిరుగు టైములోంచి తగ్గిందని అతనే గుర్తుచేశాడు.

పదకొండు దాటాక శిఖరం మీద ఉన్నాం. పైన ఎంత ఉంటే అంత ఉండాలనిపించే చోటు అది, పశ్చిమంగా కొలరాడో నది లోయ దాకా బయలు, దక్షిణంగా వరసగా రంపపు పళ్లలాంటి కొండలు. అరగంట కూర్చుని, పులిహోర తిని లేచాం.

అసలు పరీక్ష మధ్యాహ్నం వచ్చింది. అతనే ముందు నడుస్తున్నాడు. ఎడమ పాయ చీలిక దాటామనుకుని కాస్త దిగాక ఆగాడు. ఫోన్‌లో చుక్క గీత మీదే ఉంది. మిత్రుడు "కరెక్టుగానే ఉన్నాం, పద" అన్నాడు. ఇతను పొద్దున వెనక్కి తిరిగి తీసిన ఫోటో తెరిచాడు. ఫోటోలో జంట సాగువారోలు పాయకు కుడివైపున, వెనక బూడిదరంగు గోడ. ఎదురుగా ఒక్క సాగువారోనే ఉంది, గోడ ఎర్రగా ఉంది. నాకు తెలుసు, కానీ నేను మాట్లాడలేదు, మరో ఇరవై అడుగుల వరకూ ప్రమాదం లేదు. "ఇది మనం పేరు పెట్టిన చోటు కాదు, పైకెక్కుదాం" అన్నాడతను. పన్నెండు నిమిషాలు ఎదురెక్కి చీలిక దగ్గరికి వెళ్తే, కుడి పాయ ఒక పాలోవెర్డే చెట్టు వెనక దాక్కుని ఉంది, పైనుంచి వచ్చేవాడికి అసలు కనబడదు. అలసిపోయి దిగుతున్న మనిషి, కారు కింద ఉందని తెలిసి, వెలుతురు ఉండగా, యంత్రం సరేనంటుండగా, మళ్లీ ఎక్కడానికి ఒప్పుకోవడం చాలా కష్టం. నేను చూసినంతలో అంత సమర్థంగా ఆ పని చేసినవాళ్లు తక్కువ.

సందులో దించిన నీళ్ల సీసాలన్నీ తీసుకున్నాం, నాలుగుకు ముందే బళ్ల దగ్గర ఉన్నాం.

ఈ కేసు నుంచి నేను తీసుకుంటున్నవి

ఎవరైనా "స్టామినా" అంటే ఇప్పుడు ముందు రెండు అంకెలు అడుగుతాను: ఎక్కడానికి ఎంతసేపు, దిగడానికి ఎంతసేపు. బాట లేని జారుడు కొండ మీద దిగే టైము ఎక్కే టైముకు దాదాపు సమానంగా ఉండటం మామూలే. దాన్ని బాగా మించిపోతే దారి పోయిందా, మోకాలు పోయిందా, భయం పట్టుకుందా అని వెతకాలి. ఈ మూడింటికీ మందులు వేరువేరు. మోకాలి కేసులో పేర్లు పెట్టించి లాభం లేదు, బరువు తగ్గించి చేతికర్రలు వాడించాలి. భయం కేసైతే ఆ కొండ ఆ మనిషికి ఇప్పుడే కాదు.

రోడ్డును కొండలో భాగంగానే లెక్కించాలి. కోఫాలో బండి ఆగిపోతే ఆ క్షణం నుంచి అందరి నీళ్ల లెక్క, వెలుతురు లెక్క మారిపోతాయి. అద్దె బండి తీసుకునేవాళ్లు స్టెప్నీ పూర్తి సైజుదా కాదా అన్నది కౌంటర్ దగ్గరే డిక్కీ తెరిపించి చూడండి, మట్టిరోడ్డు మీదికి తీసుకెళ్లడానికి ఒప్పందంలో అనుమతి ఉందో లేదో చదవండి.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. పేర్లు పెట్టడం నలుగురైదుగురి గుంపులో బాగా పనిచేస్తుంది, పదిమందైతే ముందువాళ్లు పెట్టిన పేరు వెనకవాళ్లకు వినబడదు, వెనకబడినవాడే దారి తప్పేవాడు. అలాంటి గుంపును ఇలాంటి కొండకు నేను తీసుకెళ్లను, విడదీసి వేరువేరు రోజుల్లో వెళ్లమంటాను. ఎండాకాలానికి ఇందులో ఏదీ వర్తించదు, మే నుంచి సెప్టెంబర్ దాకా ఈ కొండ ఎక్కే మంచి ప్లాన్ అంటూ ఏదీ లేదు.

అతను ఇప్పుడు అదే ఆశ్రయంలోని క్యాజిల్ డోమ్ పీక్ గురించి అడుగుతున్నాడు. దానికి చివర్న చేతులతో పట్టుకుని ఎక్కాల్సిన రాతిభాగం ఉంది, అంటే దిగడం ఇంకో రకం సమస్య. ముందు ఒక రోజు ఊరికే రోడ్డు చివరిదాకా బండి నడిపి, కొండ ఎక్కకుండా తిరిగొచ్చి, ఎంతసేపు పట్టిందో రాసి పంపమన్నాను. వచ్చే నెలలో భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్తున్నారు.